పాత కంప్యూటరునకు ఏ వ్రాతసాధనము తగును?

మన పాఠశాలలో గ్రంథాలయపు ప్రక్కగదియందు ఎనిమిది పాత కంప్యూటర్లు కలవని చదువరులలో చాలమంది యెరుగుదురు. వానిని జూచి కొందరు తలిదండ్రులు నవ్వుదురు. "మాస్టారూ, ఇవి యింకను పనిచేయుచున్నవా?" యని యడుగుదురు. పనిచేయుచున్నవి. ఒక శ్రేయోభిలాషి తన కార్యాలయమున క్రొత్తవి రాగా వీనిని మనకు పంపెను. వీనిలో నున్నది విండోస్ ఎక్స్‌పి యను వ్యవస్థ. అది 2001వ సంవత్సరమున వెలువడినది. 2014 ఏప్రిల్ 8వ తేదీతో దాని కర్తలు దానిని బాగుచేయుట మానివేసిరి. ఒక్కొక్క యంత్రములో జ్ఞాపకస్థలము 512 మెగాబైట్లు మాత్రమే. ఇట్టి యంత్రముమీద మన పిల్లలు తెలుగు వ్రాయుటకు ఏ సాధనము నుంచవలెనను ప్రశ్నను గూర్చి నా యభిప్రాయమును తెలుపుటకే ఈ వ్యాసము. ఇది చిన్న ప్రశ్న యని నేనును తలంచితిని. నా తప్పువలన ఒక బాలిక మూడు వారముల శ్రమ పాడైనప్పుడుగాని అది చిన్నది కాదని నాకు తెలియలేదు.

పదియవ తరగతి బాలిక యొకతె ఈ సంచికకొరకు తన అమ్మమ్మ చెప్పిన సంగతులను వ్రాయబూనెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద ఉప్పెన పడిననాడు ఆ అమ్మమ్మ యిరువదియేండ్ల పడుచు. బాలిక ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె ప్రక్కన కూర్చుండి విని, నోటుపుస్తకములో చిన్న గుర్తులు వేసికొని, సోమ మంగళవారములలో కంప్యూటరుపై టైపు చేసెడిది. వారమునకొక ఫైలు చొప్పున మూడు ఫైళ్లు, ఆరు పుటలు అయినవి. చివరి దినమున మూడింటిని ఒకచోట జేర్చి క్రొత్త ఫైలుగా భద్రపరచబోగా తెరపై ఆంగ్లమున నొక చిన్న హెచ్చరిక వచ్చెను. "మాస్టారూ, ఏదో అడుగుచున్నదండీ" యనెను. నేను వెనుక వరుసలో ఒక బాలునికి కొలతల పట్టిక గీయుట చూపుచు, తల యెత్తకయే, "ఓకే నొక్కుమమ్మా, పాత ముక్కలు మూడింటిని తీసివేయుము, చోటు కలిసివచ్చును" అంటిని. ఆమె చెప్పినట్లే చేసెను. తెరమీద తెలుగు తెలుగుగానే కనబడుచుండెను. ఫైలు మూసి సంతోషముగా ఇంటికి పోయెను. మరునాడు తెరచి చూచునప్పటికి ఆరు పుటల నిండ ప్రశ్నార్థకములే యుండెను. పదములనడుమ ఖాళీలును, పూర్ణవిరామములును, 1977 అను అంకెలును మాత్రము చెక్కుచెదరక నిలిచియుండెను.

ఇట్లేల జరిగెనో పై తరగతులవారు తెలిసికొనుట మంచిది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. అందుచేత ప్రతి యక్షరమునకు ఒక సంఖ్య నిర్ణయింపబడినది. లోకములోని లిపులకెల్ల సంఖ్యలనిచ్చు యూనికోడ్ అను పట్టికలో 1991వ సంవత్సరమునుండియు మన తెలుగునకు స్థానము కలదు. అందు 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. కాని దానికి ముందటి కాలపు పట్టిక యొకటి పాత వ్యవస్థలలో ఇంకను మిగిలియున్నది. దానిని ఆన్సి యందురు. అది 256 గదులుగల చిన్న సత్రమువంటిది. మన యంత్రములలోని ఆ సత్రమున ఆంగ్లమునకును పశ్చిమ ఐరోపా భాషలకును మాత్రమే చోటు. తెలుగు 'క' పోయి తలుపు తట్టినచో లోపల గది లేదు. అప్పుడు యంత్రము దానికి బదులుగా 63 అను సంఖ్యను వ్రాసివేయును. 63 అనగా ప్రశ్నార్థకము. 'క'కును 63, 'మ'కును 63, గుడికిని కొమ్మునకును 63. అన్నియు నొక్కటియే యైన పిమ్మట ఏది యేదియో తిరిగి తెలిసికొనుట ఎవరి తరము? 'స్త్రీ' యను చిన్న పదమును జూడుడు. మనకది యొక్క యక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను ఆరు గుర్తులు. ఆ బాలిక ఫైలులో ఆ పదమున్నచోట వరుసగా ఆరు ప్రశ్నార్థకములు నిలిచినవి. పట్టణమున కంప్యూటర్లు బాగుచేయువారికి చూపితిమి. "ఇందులో తెలుగు లేనే లేదండీ, ఎక్కడనుండి తీయమందురు?" అనిరి.

ఆ హెచ్చరిక అబద్ధమాడలేదు. ఇట్లు భద్రపరచినచో యూనికోడ్ అక్షరములు పోవునని అది స్పష్టముగానే చెప్పినది. చదువకుండ ఓకే నొక్కుమని పిల్లలకు నేర్పినవాడను నేను. ఆంగ్లమున వచ్చు ప్రతి చిన్నపెట్టెను చూచి వారు బెదరకుండుటకై సంవత్సరారంభమున ఆ మాట చెప్పియుంటిని. బోధనాభ్యసన కళాశాలలో నేను చదువుకొన్నప్పుడు, పిల్లవాడు పలకమీద తప్పు వ్రాసినచో ముందుగా నీవు నల్లబల్లమీద వ్రాసినదానిని చూచుకొనుమని మా గురువుగారు చెప్పెడివారు. ఆ మాట ఆ ఉదయమున నాకు బాగుగా జ్ఞాపకము వచ్చినది.

అమ్మమ్మ రెండవమారు చెప్పినది. కాని మూడు పుటలే యైనవి. ఉప్పెననాటి రాత్రి తన తమ్ముని తాటిచెట్టునకు చీరతో కట్టిన సంగతి మొదటిమారు చాలసేపు చెప్పినదట. రెండవమారు ఆ మాట యెత్తలేదు. మనుమరాలు అడుగగా, "అది యొకమారు చెప్పితిని గదమ్మా, చాలును" అనెనట.

ఇది జరిగిన పిమ్మట ఉపాధ్యాయుల సమావేశములోను, తలిదండ్రుల సభలోను మూడు విధముల సలహాలు వచ్చినవి. క్రొత్త యంత్రములను కొనుడని కొందరనిరి. సంతోషమే, ద్రవ్యము సమకూరినప్పుడు కొందము. కాని ఈ యేడు చదువుచున్న పిల్లలు వచ్చు యేటివరకు ఆగి పెరుగరు గదా. మరికొందరు, ముద్రణాలయములలో వాడు తెలుగు ఫాంట్లను వేయించుడనిరి. ఈ సలహా వినుటకు ఇంపుగా నున్నను, దీని ఫలమును మనమిదివరకే యనుభవించితిమి. ఆ ఫాంట్లలో అనేకము పాత పద్ధతివి. ఫైలులో నుండునవి నిజమునకు ఆంగ్లాక్షరముల సంఖ్యలే. ఫాంటు వానికి తెలుగు వేషము వేయును. ఫాంటు ఉన్నంతకాలము వేషము నిలుచును. ఫాంటు పోయినచో వేషము జారిపోయి అర్థములేని ఆంగ్లాక్షరములు మిగులును. పదునైదేండ్ల క్రిందట మనమే వెలువరించిన సంచికల ఫైళ్లు బీరువాలోని డిస్కులలో నున్నవి. నేడు వానిని తెరచిన మన పాఠశాల పేరైన చదువబడుట లేదు. ముద్రించిన కాగితపు ప్రతులే మనకు దిక్కైనవి.

మూడవ సలహాయే నన్ను ఈ వ్యాసము వ్రాయ బురికొల్పినది. లోకమంతయు వాడు పెద్ద వ్రాతయంత్రాంగమొకటి, అనగా బొమ్మలు, పట్టికలు, రంగులు అన్నియు చేయగల వర్డ్ ప్రాసెసరు, ఒకానొకరి యొద్ద డిస్కులో నున్నది. దానిని రెండువందల రూపాయలకు ఎనిమిది యంత్రములలోను వేసిపోవుదురు. అందరును అట్లే చేయుచున్నారు గదా యని ఒక పెద్దమనిషి చెప్పెను. ఆయన మంచి మనస్సుతోనే చెప్పెను. కాని అది వెల చెల్లించి కొనవలసిన సరుకు. కొనక నకలు తీసి వాడుట దొంగతనము. ఉదయమున ప్రార్థనకూటములో పది యాజ్ఞలను వల్లెవేయించి, పదిగంటలకు దొంగసరుకుమీద వ్యాసరచన నేర్పు ఉపాధ్యాయుని ముఖమును పిల్లలు ఏమనుకొని చూతురు? వారికి తెలియదని మనమనుకొందుము. వారికి తెలియును. ఆ డిస్కు ఎక్కడిదో మనకంటె ముందుగా వారికే తెలియును. పైగా అట్టి డిస్కులతో గూడ యంత్రమునకు రోగము తెచ్చు ప్రోగ్రాములు వచ్చుట కద్దు. ఇవి రెండును ప్రక్కనబెట్టినను, 512 మెగాబైట్ల యంత్రముమీద అంత బరువు మోపుట ముసలి యెద్దునకు లారీ కట్టుటవంటిది.

అసలు మన పిల్లలకు కావలసినదేమి? వ్యాసము, ఉత్తరము, అమ్మమ్మ చెప్పిన కథ, సంఘపు కూటముల నివేదిక. వీనికి అక్షరములు చాలును, అలంకారములతో పనిలేదు. అక్షరములను మాత్రమే వ్రాసి, దిద్ది, దాచు సాధనమును టెక్స్టు ఎడిటరు అందురు. దానికిని వర్డ్ ప్రాసెసరునకును గల భేదము పలకకును పెండ్లిపత్రికకును గల భేదమువంటిది. టెక్స్టు ఎడిటరు దాచిన ఫైలులో అక్షరముల సంఖ్యలు తప్ప వేరేమియు నుండవు. కనుక దానిని ఏ యంత్రమైనను, ఏ వ్యవస్థయైనను, ఏ యెడిటరైనను తెరువగలదు. ఎడిటరు చచ్చినను వ్రాత బ్రదుకును. పాత యంత్రము విషయమున ఈ గుణమునే నేనన్నిటికంటె ముందుంచుచున్నాను. ఏలయనగా ఆ యంత్రము ఏ దినమున కన్నుమూయునో మనకు తెలియదు.

ఈ ఎడిటర్ల వంశము మన యంత్రములకంటె చాల పాతది. 1969వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో కెన్ థాంప్సన్ అను విద్వాంసుడు 'ఎడ్' అను ఎడిటరును చేసెను. అప్పుడు తెర లేదు. టైపు యంత్రమువంటి దానిమీద కాగితమున వరుస వెంబడి వరుస అచ్చుపడెడిది. 1976లో బిల్ జాయ్ అను విద్యార్థి 'వి ఐ' అను ఎడిటరును తెరమీద నడుపునట్లు చేయసాగెను. వీని సంతతి నేటికిని వాడుకలో నున్నది. ఆ థాంప్సనే 1992లో రాబ్ పైక్ అను మిత్రునితో గూడి, యూనికోడ్ సంఖ్యలను ఫైలులో పొదుపుగా నుంచు యూ.టి.ఎఫ్.–8 అను పద్ధతిని కనిపెట్టెను. మన తెలుగు గుర్తు ఒక్కొక్కటి ఆ పద్ధతిలో మూడు బైట్లు పట్టును. పుటకు రెండువేల గుర్తులనుకొన్నను ఆరువేల బైట్లే. ఇప్పుడు పిల్లలు బొమ్మలలో మాత్రమే చూచు పాత ఫ్లాపీ డిస్కులో సయితము రెండువందల నలువది పుటల తెలుగు పట్టును. ఆ బాలిక ఆరు పుటలు ఎక్కడనున్నను ఎవరికిని బరువుగా నుండెడివి కావు. చోటు కలిసివచ్చునని నేను చెప్పిన మాట ఎంత తెలివితక్కువదో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇక మన యంత్రములలో ఏ ఎడిటరు నుంచవలెనను దానికి వచ్చెదను. వ్యవస్థతో బాటు వచ్చినది నోట్‌ప్యాడ్. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. తేలికయైనది, వెంటనే తెరచుకొనును, తెలుగును చక్కగా చూపును. అయితే ఎక్స్‌పిలోని నోట్‌ప్యాడ్ క్రొత్త ఫైలును వేరే చెప్పకున్నచో ఆన్సిగానే భద్రపరచబోవును. భద్రపరచు పెట్టెయొక్క అడుగున ఎన్‌కోడింగ్ అనుచోట యూ.టి.ఎఫ్.–8 అని ప్రతి క్రొత్త ఫైలునకును మనమే యెన్నుకొనవలెను. పెద్దవారే మరచు పనిని పన్నెండేండ్ల బిడ్డకు అప్పగింపరాదు. మరియు అందు చేసిన తప్పును వెనుకకు తీసికొనుటకు ఒక్క యడుగే సాధ్యము. రెండవ మారు నొక్కినచో తీసిన తప్పును మరల పెట్టును! ఇతర వ్యవస్థలలో వ్రాసిన ఫైలును తెరచినచో వరుసలన్నియు ఒక్కటిగా కలిసిపోవును. దీనికి కారణము టైపు యంత్రముల కాలమునాటిది. వరుస ముగిసినప్పుడు బండిని వెనుకకు లాగుట యొకటి, కాగితమును పైకి జరుపుట యొకటి యని రెండు పనులుండెడివి. విండోస్ ఆ రెండు గుర్తులను వ్రాయును. యూనిక్స్ వంశపు వ్యవస్థలు రెండవదానిని మాత్రమే వ్రాయును. ఆ యొంటి గుర్తు వరుస ముగింపని నోట్‌ప్యాడ్ 2018లోగాని ఒప్పుకొనలేదు. అదియును విండోస్ 10లో మాత్రమే.

పిల్లలకు వినోదముగా నుండు సంగతి యొకటి. ఎక్స్‌పిలోని నోట్‌ప్యాడ్‌లో వరుసగా నాలుగు, మూడు, మూడు, అయిదు అక్షరములుగల నాలుగు ఆంగ్లపదములను చిన్నబడి యక్షరములతో వ్రాసి, ఆన్సిగా భద్రపరచి, మూసి, మరల తెరచినచో పలుమారులు ఆంగ్లమునకు బదులుగా చీనా లిపియో, ఖాళీ గదులో కనబడును. ఫైలును చూచి ఇది యే పట్టికలోనిదో యూహించుటలో యంత్రము పొరబడుటవలన ఇట్లగును. ఇందు అక్షరములేమియు పోవు. తొమ్మిదవ తరగతివారు దీనిని చూచి ఒక మధ్యాహ్నమంతయు నవ్విరి. ఆ నవ్వులోనే పట్టికల సంగతి నా ఉపన్యాసముకంటె బాగుగా వారికి పట్టుబడినది.

నా యభిప్రాయమున మన యంత్రములకు తగినది నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అను ఎడిటరు. దానిని 2003లో డాన్ హో అను ఆయన వెలువరించెను. నేటికిని క్రొత్త సంచికలు వచ్చుచున్నవి. కాని క్రొత్తవి ఎక్స్‌పిమీద నడువవు, 7.9.2 అను సంచిక దానిమీద నడుచువానిలో చివరిది. పాత యంత్రముగలవారు ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెను. ఎల్లప్పుడును క్రొత్తదే మేలని పోవువారికి ఇచ్చట నిరాశయే. దాని పరిమాణము నాలుగైదు మెగాబైట్లకు మించదు. అమరికలలో క్రొత్త ఫైలనుచోట యూ.టి.ఎఫ్.–8 అని యొకమారు గుర్తుపెట్టినచో మరల మరల అడుగదు. ఫైలు ఏ పట్టికలో నున్నదో తెర యడుగు పట్టీలో కుడివైపున ఎల్లప్పుడును కనబడుచుండును. తప్పు దిద్దుకొనుటకు ఎన్ని యడుగులైన వెనుకకు పోవచ్చును. ఒక కిటికీలోనే పలు ఫైళ్లను ప్రక్కప్రక్కన తెరచుకొనవచ్చును.

నాకు మనస్సునకు పట్టిన గుణము మరియొకటి. 2014నుండి ఇందు ఒక యేర్పాటున్నది. మనము భద్రపరచకున్నను ఏడు సెకండులకొకమారు అది వ్రాతను వేరొకచోట నకలు తీసియుంచును. వేసవిలో మన యూర కరెంటు సంగతి చెప్పనేల? ఎనిమిదింటిలో మూడు యంత్రములకే బ్యాటరీ యున్నది. తక్కిన అయిదింటి పిల్లలు దీపము ఆరినప్పుడెల్ల ఒక్కసారిగా "అయ్యో!" అనుటకు అలవాటుపడియుండిరి. ఈ యేర్పాటు వచ్చిన పిమ్మట ఆ కేక కొంత తగ్గినది. పూర్తిగా దీనిపైనే యానుకొనరాదు. చేతితో భద్రపరచుట మానరాదు.

దానికంటెను చిన్నది కావలెననువారికి నోట్‌ప్యాడ్2 అను ఎడిటరు కలదు. ఫ్లోరియన్ బాల్మర్ అను ఆయన చేసినది. ఒక్కటే చిన్న ఫైలు. యంత్రములో నెలకొల్పవలసిన పనియే లేదు. కాని ఒక కిటికీలో ఒక ఫైలే తెరచుకొనును.

ఎక్స్‌పిలో తెలుగు కనబడుటకు ముందుగా చేయవలసిన పని యొకటున్నది. ప్రాంతీయ భాషల యమరికలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన పెట్టెలో గుర్తుపెట్టి, వ్యవస్థయొక్క మూల డిస్కునుండి కొన్ని ఫైళ్లను ఎక్కించవలెను. అప్పుడు గౌతమి యను తెలుగు ఫాంటును, ఇన్‌స్క్రిప్టు మీటల యమరికయు లభించును. ఇది చేయక, ఎడిటరు చెడ్డదని వాపోవుట తగదు. విండోస్ 98వంటి యంతకంటె పాత వ్యవస్థగలవారు తెలుగుపై ఆశ విడిచి ఆంగ్లమునకే దానిని వాడుకొనుట మేలు. దానిలోని నోట్‌ప్యాడ్ 64 కిలోబైట్లకు మించిన ఫైలును తెరువజాలదు.

ఉచితము అను మాటను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. వెల లేనిదంతయు స్వేచ్ఛగా వాడదగినది కాదు. కొన్ని ప్రోగ్రాములు నెల దినములు ఉచితముగా నుండి తరువాత అప్పువానివలె వెంటబడును. కొన్నింటిని ఇంటిలో వాడవచ్చును, పాఠశాలలో వాడరాదు. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ జి.పి.ఎల్. అను అనుమతిపత్రముతో వచ్చును. ఆ పత్రము ప్రకారము ఎవరైనను దానిని ఏ పనికైనను వాడవచ్చును, దాని నిర్మాణమును చదువవచ్చును, మార్చవచ్చును, నకలు తీసి పొరుగువానికి ఇయ్యవచ్చును, తాను పొందిన స్వేచ్ఛనే వానికిని ఇచ్చినయెడల. బిడ్డ పెన్‌డ్రైవు తెచ్చి, "మాస్టారూ, మా ఇంటికి తీసికొనిపోవచ్చునా?" యని యడిగినప్పుడు నేను తడబడక "తీసికొనిపొమ్ము" అనగలుగుచున్నాను. ఆ యొక్క మాట ధైర్యముగా చెప్పగలుగుటకే నేను వెల పెట్టి కొనవలసిన సరుకుకంటె దీనిని ఎక్కువగా నెంచుచున్నాను.

ఈ సందర్భమున వేరొక యెడిటరు సంగతి చెప్పక విడువలేను. పైన చెప్పిన 'వి ఐ' వంశమునకు చెందిన విమ్ అను ఎడిటరును హాలండు దేశస్థుడు బ్రామ్ మూలెనార్ 1991లో లోకమునకిచ్చెను. ఆయన దానికి వెల యడుగలేదు. వాడువారు తమకిష్టమైనచో ఉగాండా దేశములోని దీనబాలలకు సహాయము చేయుడని కోరెను. 2023 ఆగస్టులో ఆయన మరణించిన పిమ్మటను ఆ విన్నపము ఆ ఎడిటరును తెరచినవారి యెదుట తెరమీద కనబడెను. ఇంత ప్రశంసించియు దానిని మన పిల్లలకు నేనిచ్చుట లేదు. అందు మీట నొక్కినచో అక్షరము పడుటకు బదులు ఆజ్ఞ నడుచు స్థితి యొకటి, అక్షరము పడు స్థితి యొకటి కలవు. అలవాటుపడినవారికి అది మహావేగము. క్రొత్తవారికి బయటపడు దారియే తెలియదు. తెలుగు మీటలే యింకను వెదకికొనుచున్న ఆరవ తరగతివానికి అది తగదు. సజ్జనుడు చేసినంత మాత్రమున సాధనము మనకు సరిపడవలెనని లేదు.

మన లెక్కల ఉపాధ్యాయులు నాతో నేకీభవింపరు. విండోస్‌నే తీసివేసి స్వేచ్ఛావ్యవస్థయగు లినక్సును వేయవలెనని వారి వాదము. అందు మౌస్‌ప్యాడ్, నానో మొదలగు తేలికయైన ఎడిటర్లు వ్యవస్థతో బాటే లభించును, యూ.టి.ఎఫ్.–8 తప్ప వేరొకటి యడుగవు. వారి మాటలో సత్యము కలదు. నాకు గల సందేహము కాలమును గూర్చినది. మనవంటి 32 బిట్ల యంత్రములను ఆ వ్యవస్థలును ఒక్కటొక్కటిగా విడుచుచున్నవి. డెబియన్ అను ప్రసిద్ధ లినక్సు 2025లో వెలువరించిన తన 13వ సంచికనుండి ఇట్టి యంత్రములమీద నెలకొల్పు ఏర్పాటును మానివేసినది. 12వ సంచికయే వీనికి చివరిది. రెండు యంత్రములమీద వారు చేసి చూపుదమనిరి. చేయనిండు. ఫైళ్లు వట్టి అక్షరములే గనుక, రేపు వారి మాటయే గెలిచినను ఒక్క వ్యాసమైన మరల టైపు చేయనక్కరలేదు.

ఎక్స్‌పి యంత్రములను అంతర్జాలమునకు తగిలించుట మాత్రము ఎవరును చేయరాదు. పండ్రెండేండ్లుగా మరమ్మతు లేని యింటి తలుపులవంటివి అవి. ఎడిటరును క్రొత్త యంత్రముమీద, దాని కర్తల సొంత స్థలమునుండియే దింపుకొని, వైరస్ పరీక్ష చేసి, పెన్‌డ్రైవులో తేవలెను. వెదకునప్పుడు ముందుగా కనబడు స్థలములన్నియు కర్తలవి కావు. కొన్ని అడిగినదానితో బాటు అడుగని ప్రోగ్రాములను నాలుగింటిని అంటగట్టును.

తలిదండ్రులలో కొందరికి ఇది పాఠశాల గొడవగా తోచవచ్చును. విండోస్ 10నకును 2025 అక్టోబరు 14వ తేదీతో మామూలు మరమ్మతుల గడువు తీరినది. ఇంటిలో ఇంకను తళతళలాడుచున్న యంత్రమే పాతదాని జాబితాలో చేరినది. దానిమీద నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ నేటి సంచికయే నడుచును. ఇంటి లెక్కలు, తాతగారి ఉత్తరములు, సంఘపు పాత పట్టికలు వట్టి అక్షరములుగా నొక ప్రతి దాచుకొనదలచినవారు శనివారము మధ్యాహ్నము గ్రంథాలయపు గదికి పెన్‌డ్రైవుతో రావచ్చును. ఎక్కించి, యమరిక చూపి పంపెదము. రుసుము లేదు.

ఇప్పుడు మా గదిలో ఏ ఫైలైనను మూడుచోట్ల నుండును: యంత్రములో, పెన్‌డ్రైవులో, ప్రధానోపాధ్యాయులవారి బీరువాలోని డిస్కులో. చిన్నపెట్టె వచ్చినప్పుడు పిల్లలు దానిలోని ఆంగ్లమును గట్టిగా చదువవలెను. అర్థము కానిచో ప్రక్కవానిని, ఆ పిమ్మట నన్ను పిలువవలెను. పని కొంత ఆలస్యమగుచున్నది, గదిలో సందడియు హెచ్చినది.

ఉప్పెనను గూర్చిన వ్యాసము ఈ సంచికలోనే కలదు. తాటిచెట్టు సంగతిని ఆ బాలిక తన జ్ఞాపకమునుండి వ్రాసి చేర్చినది. అవి అమ్మమ్మ చెప్పిన మాటలే కావని, తాను విన్నంతవరకు వ్రాసితినని, ఆ పేరాకు క్రింద తానే గుర్తుపెట్టినది.